భాగం - 7 : తరగతి గదిలో శిష్యరికం - ఛాత్రోపాధ్యాయులకు మార్గదర్శనం, ఒక చారిత్రక పరిశీలన

7.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు :

- వీధిబడుల కాలం నుంచి నేటి ఇంటర్న్‌షిప్ వరకు కొత్త ఉపాధ్యాయులు తరగతి గదిలో పని నేర్చుకున్న తీరును వివరించగలుగుతారు.
- 1846 నాటి ప్యూపిల్ టీచర్ విధానం, 1854 నాటి వుడ్స్ డిస్పాచ్, 1964-66 నాటి కొఠారి కమిషన్ ఈ విషయంలో చేసిన ఏర్పాట్లను, సిఫార్సులను తెలుపగలుగుతారు.
- ఏ శిక్షణ పథకాన్నయినా మూడు ప్రశ్నలతో పరీక్షించి దాని బలాబలాలను అంచనా వేయగలుగుతారు.

7.1 పరిచయం

ఉపాధ్యాయ విద్య చరిత్రను మనం సాధారణంగా కమిషన్ల చరిత్రగా చదువుతాం. ఏ సంవత్సరంలో ఏ కమిటీ ఏమి సిఫార్సు చేసిందో గుర్తుపెట్టుకుని పరీక్ష రాస్తాం. అది అవసరమే. అయితే ఈ భాగంలో అదే చరిత్రను తరగతి గది లోపలి నుంచి చూద్దాం. పాఠం చెప్పడం కొత్తగా నేర్చుకుంటున్న వ్యక్తి ఒకవైపు, ఆ పనిలో ఏళ్ల తరబడి ఆరితేరిన ఉపాధ్యాయుడు మరొకవైపు నిలబడినప్పుడు వారిద్దరి మధ్య ఏమి జరిగింది? ఏమి జరగనిచ్చారు? ఇదే మన విషయం.

శిక్షణలో ఉండి పాఠాలు చెప్పే విద్యార్థిని ఛాత్రోపాధ్యాయుడు, ఛాత్రోపాధ్యాయిని అంటాం. బడిలో వారికి దారి చూపే అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులను మార్గదర్శక ఉపాధ్యాయులు లేదా మెంటార్లు అంటున్నాం. మాట కొత్తదే గాని ఈ సంబంధం చాలా పాతది. రెండు శతాబ్దాల కాలంలో దీని కోసం ఎన్నో పథకాలు వచ్చాయి. వాటిని పోల్చి చూడటానికి మూడు ప్రశ్నలు ఉపయోగపడతాయి.

మొదటి ప్రశ్న : కొత్తవారు తరగతిలోకి వచ్చింది నేర్చుకోవడానికా, ఖాళీని పూరించడానికా?

రెండో ప్రశ్న : వారికి నేర్పే అనుభవజ్ఞుల శ్రమను పనిగా లెక్కించారా? అందుకు సమయం గాని, ప్రతిఫలం గాని కేటాయించారా?

మూడో ప్రశ్న : దారి చూపేవారూ మార్కులు వేసేవారూ ఒక్కరేనా, వేరువేరా?

ఈ ప్రశ్నలను మనసులో ఉంచుకుని ముందుకు సాగండి.

7.2 వీధిబడిలో పెద్ద పిల్లలు

19వ శతాబ్దం తొలి దశకాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లో బడి అంటే చాలాచోట్ల ఒక అరుగు, ఒక పంతులు, ఆయన చుట్టూ కూర్చున్న పిల్లలు. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడంతో చదువు మొదలయ్యేది. తరువాత తాటాకు మీద గంటంతోనో, కడితం మీద బలపంతోనో రాసేవారు.

1822 జూన్ 25న గవర్నర్ సర్ థామస్ మన్రో ఈ బడుల వివరాలు సేకరించి పంపాలని ఆదేశించాడు. కలెక్టర్లు పంపిన నివేదికల్లో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న రాసినది ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన కాంప్‌బెల్ ఇతడే. అప్పటి బళ్ళారి జిల్లాలో 533 బడులు ఉన్నాయనీ, వాటిలో 226 తెలుగు బడులనీ అతడు లెక్క చెప్పాడు. ఒక్కో బడిలో పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా విభజించేవారు. కింది తరగతుల బాధ్యత కొంతవరకు పెద్ద పిల్లలు చూసుకునేవారు. పై తరగతులను పంతులు స్వయంగా చూస్తూ, బడి మొత్తం మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు. ముందు నేర్చినవారు వెనుకవారికి నేర్పడం వల్ల తమ చదువునూ గట్టిపరచుకుంటారని, ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం సమంజసమేనని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ కాలంలో పల్లె పంతులు కాబోయేవానికి వేరే శిక్షణాలయం లేదు. చిన్నవాడి చేత అక్షరం దిద్దించిన పెద్ద పిల్లవాడు, ఆ పక్కనే కూర్చున్న పంతులు పనిని రోజూ చూస్తూ పెరిగేవాడు. నేర్చుకోవడం, నేర్పడం, నేర్పేవారిని గమనించడం ఒకే అరుగు మీద జరిగాయి. మూడో ప్రశ్నకు వస్తే అక్కడ మార్కులూ లేవు, ధ్రువపత్రమూ లేదు.

అయితే ఈ బడిని స్వర్ణయుగంగా భావించడం చరిత్రకు న్యాయం కాదు. అక్కడ చదివిన బాలికల సంఖ్య చాలా స్వల్పం. అణగారిన కులాల పిల్లల్లో అత్యధికులకు ఆ అరుగు అందలేదు. ఎవరి పక్కన కూర్చునే అవకాశం ఉందో వారి పనే నేర్చుకోగలం. కూర్చునే అవకాశమే లేని వారికి శిష్యరికం ఎంత గొప్పదైనా ప్రయోజనం లేదు.

7.3 ఎగ్మూరు ప్రయోగం

మద్రాసులోని ఎగ్మూరులో సైనికుల అనాథ బాలల కోసం ఒక ఆశ్రమం ఉండేది. 1789లో ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు దానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒక దేశీయ బడిలో పిల్లలు నేలపై కూర్చుని ఇసుకలో వేలితో రాయడం చూసి, తన బడిలోనూ అదే పద్ధతి పెట్టాలనుకున్నాడు. అక్కడి ఉపాధ్యాయులు అందుకు సుముఖత చూపలేదు. అప్పుడు బెల్ ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే బాలుడికి అక్షరాల తరగతిని అప్పగించాడు. అది ఫలించడంతో క్రమంగా బడి అంతటా పిల్లల చేతనే పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో తన ప్రయోగాన్ని పుస్తకంగా ప్రచురించాడు. దీన్నే 'మద్రాసు పద్ధతి' అన్నారు. 1798లో లండన్‌లో బడి ప్రారంభించిన జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇలాంటి పద్ధతినే వ్యాప్తి చేశాడు. చరిత్రలో ఇది మానిటోరియల్ విధానంగా స్థిరపడింది.

ఒక్క ఉపాధ్యాయుడితో వందలాది పిల్లలకు చదువు చెప్పవచ్చు. ఖర్చు చాలా తక్కువ. ఈ విధానానికి వచ్చిన ఆదరణకు ఇదే ముఖ్య కారణం. పల్లె బడిలో పెద్ద పిల్లవాడు పంతులు కనుసన్నల్లో సహాయం చేశాడు. లాంకాస్టర్ బడిలో మానిటర్ ఒక యంత్రంలోని చక్రంలా, చెప్పిన పాఠాన్ని చెప్పినట్లు అప్పజెప్పించాడు. మొదటి ప్రశ్న ఇక్కడే పుట్టింది. కొత్తవాడిని తరగతిలో నిలబెట్టడానికి కారణం అతని ఎదుగుదల కాకుండా పొదుపు అయినప్పుడు అతను నేర్చుకునేది తగ్గిపోతుంది. అతని ముందు కూర్చున్న పిల్లలు నేర్చుకునేదీ తగ్గిపోతుంది.

7.4 మన్రో ప్రణాళిక

కలెక్టర్ల నివేదికలను క్రోడీకరించి మన్రో 1826 మార్చి 10న ఒక మినిట్ రాశాడు. 1,28,50,941 జనాభాకు 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు అందులో తేలింది. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. బడులు లేకపోవడం కంటే పంతుళ్ల పరిస్థితే మన్రోను ఎక్కువ ఆలోచింపజేసింది. వారి సంపాదన నెలకు ఆరేడు రూపాయలు మించదనీ, అంత తక్కువ ఆదాయానికి అర్హులు ఈ వృత్తిలోకి రారనీ అతడు గుర్తించాడు.

ఉపాధ్యాయులను తయారు చేయడానికి మద్రాసులో ఒక కేంద్ర పాఠశాల, జిల్లాల్లో కలెక్టరేటు పాఠశాలలు, వాటి కింద తహసీల్దారీ పాఠశాలలు నెలకొల్పాలని మన్రో ప్రతిపాదించాడు. 1827 జూలైలో ఇప్పటి కర్నూలు జిల్లాలోని పత్తికొండలో కలరాతో మరణించాడు. ప్రణాళిక నీరసించింది. 1836లో తహసీల్దారీ పాఠశాలలను రద్దు చేశారు.

జీతం సంగతి మన్రో సరిగానే పట్టుకున్నాడు. అయితే ఈ ప్రణాళికలో శిక్షణ జరిగే చోటు మారింది. పంతులు తన ఊరి అరుగు విడిచి రాజధానికి వెళ్ళి నేర్చుకుని రావాలి. పనిచేసే చోటు ఒకటి, పని నేర్చుకునే చోటు మరొకటి అయ్యాయి. ఈ ఎడబాటు తరువాతి కాలంలోనూ కొనసాగింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. వీధిబడిలోని పెద్ద పిల్లవాడికి, లాంకాస్టర్ బడిలోని మానిటర్‌కు మధ్య ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?
2. మన్రో మినిట్ ప్రకారం పంతుళ్ల ప్రధాన సమస్య ఏది?

7.5 ప్యూపిల్ టీచర్ : నేర్పినందుకు ప్రతిఫలం

మానిటోరియల్ విధానంలోని లోపాలు ఇంగ్లండులోనే బయటపడ్డాయి. వాటికి పరిష్కారంగా 1846లో జేమ్స్ కే-షటిల్‌వర్త్ ప్యూపిల్ టీచర్ విధానాన్ని రూపొందించాడు. దీని ప్రకారం 13 ఏళ్లు నిండిన విద్యార్థి ఐదేళ్లపాటు ఒక ప్రధానోపాధ్యాయుడి వద్ద శిష్యరికం చేయాలి. పగలు చిన్న పిల్లలకు పాఠాలు చెప్పాలి. బడి వేళకు వెలుపల రోజుకు గంటన్నర చొప్పున ప్రధానోపాధ్యాయుడి దగ్గర తాను చదువుకోవాలి. మొదటి ఏడాది 10 పౌండ్లతో మొదలై చివరి ఏడాదికి 20 పౌండ్ల వరకు పెరిగే స్టైపెండు అతనికి లభించేది.

మన చర్చకు అంతకంటే ముఖ్యమైనది మరొక నిబంధన. నేర్పిన ప్రధానోపాధ్యాయుడికీ ప్రభుత్వం విడిగా డబ్బు చెల్లించింది. ఒక శిష్యుడికి ఏడాదికి 5 పౌండ్లు, ఇద్దరికి 9, ముగ్గురికి 12 పౌండ్లు. కొత్తవారికి నేర్పడం మంచితనం కొద్దీ చేసే సహాయం కాదనీ, అది లెక్కకు వచ్చే పని అనీ రాజ్యం అంగీకరించింది. మన రెండో ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన స్పష్టమైన సమాధానాల్లో ఇది ఒకటి.

1854 జూలై 19 నాటి వుడ్స్ డిస్పాచ్ ఈ విధానాన్ని భారతదేశానికి సిఫార్సు చేసింది. ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలు ఉండాలన్న సిఫార్సు విద్యార్థులందరికీ తెలిసినదే. అదేచోట మరొక మాట ఉంది. ప్యూపిల్ టీచర్లను ఎంపిక చేసి స్టైపెండు ఇవ్వాలి. బడి వేళకు వెలుపల వారికి చదువు చెప్పే ఉపాధ్యాయులకు కొద్దిపాటి ప్రతిఫలం ఇవ్వాలి. అర్హులైన వారిని తరువాత నార్మల్ స్కూళ్లకు పంపి, ధ్రువపత్రాలు ఇవ్వాలి.

ఈ వరుసలో నార్మల్ స్కూళ్లు, ధ్రువపత్రాలు మన దేశంలో వేళ్లూనాయి. నేర్పేవారి ప్రతిఫలం మాత్రం అలా స్థిరపడలేదు. ఇంగ్లండులోనూ 1862 నాటి రివైజ్డ్ కోడ్ ఆ చెల్లింపులను తొలగించింది. ఇనస్పెక్టరు పరీక్షలో పిల్లలు చూపిన ఫలితాలను బట్టి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఫలితాల గ్రాంటు పద్ధతి నడిచింది. బడికి డబ్బు ఇనస్పెక్టరు పరీక్ష మీద ఆధారపడినప్పుడు, పక్కన నిలబడిన కొత్తవాడికి పని వివరించే తీరిక అనుభవజ్ఞుడికి ఎక్కడ ఉంటుంది?

7.6 నార్మల్ స్కూలు, ఆదర్శ పాఠం, విమర్శన పాఠం

1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు ప్రారంభమైంది. తరువాతి కాలంలో సైదాపేట టీచర్స్ కళాశాలగా ప్రసిద్ధి పొందినది ఇదే. తెలుగు జిల్లాల నుంచి ఎందరో అక్కడికి వెళ్ళి ఎల్.టి. పట్టా పొందారు.

నార్మల్ స్కూళ్ల వల్ల జరిగిన మేలును తక్కువ చేయకూడదు. అరుగు బడి అందని వారికి ఇవి ఒక తలుపు తెరిచాయి. సావిత్రిబాయి ఫూలే అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషనరీ సింథియా ఫరార్ వద్ద శిక్షణ పొందారు. 1848లో పుణెలో ఫూలే దంపతులు ప్రారంభించిన బాలికల బడిలో ఉపాధ్యాయినిగా నిలబడ్డారు. 1866లో భారతదేశానికి వచ్చిన మేరీ కార్పెంటర్ మహిళల కోసం నార్మల్ స్కూళ్లు కావాలని ప్రభుత్వాన్ని కోరారు. కులవృత్తిగానో, ఇంటి విద్యగానో పంతులు పని అబ్బే అవకాశం లేని వారికి శిక్షణ సంస్థే దారి అయింది.

1882 నాటి హంటర్ కమిషన్ ప్రాథమిక ఉపాధ్యాయులకు నార్మల్ స్కూళ్లు విస్తరించాలని, సెకండరీ ఉపాధ్యాయులకు బోధనా సూత్రాల్లోనూ ఆచరణలోనూ పరీక్ష ఉండాలని సిఫార్సు చేసింది. 1904 మార్చి 11 నాటి భారత ప్రభుత్వ విద్యా విధాన తీర్మానం మరో అడుగు ముందుకు వేసింది. ప్రతి శిక్షణ కళాశాలకూ ఒక అభ్యాస పాఠశాల అనుబంధంగా ఉండాలంది. శిక్షణ ముగించి బడికి వెళ్ళినవారు నేర్చుకున్న పద్ధతులను విడిచిపెట్టకుండా కళాశాలకూ బడులకూ సంబంధం కొనసాగాలని కూడా చెప్పింది. అంటే నేర్చుకున్నది బడిలో నిలవడం లేదన్న సంగతి 1904 నాటికే తెలుసు.

ఈ కాలంలోనే రెండు ఆచారాలు స్థిరపడ్డాయి. ఒకటి ఆదర్శ పాఠం. శిక్షకుడు పాఠం చెబితే ఛాత్రోపాధ్యాయులు వెనుక కూర్చుని చూస్తారు. రెండోది విమర్శన పాఠం. ఛాత్రోపాధ్యాయుడు పాఠం చెబితే శిక్షకుడూ తోటివారూ లోపాలు ఎంచుతారు. రెండూ ఉపయోగపడేవే. అయితే ఆదర్శ పాఠంలో కొత్తవారు ప్రేక్షకులు, విమర్శన పాఠంలో ముద్దాయిలు. ఇద్దరూ కలిసి ఒక తరగతి బాధ్యత మోసే మూడో స్థితికి ఏర్పాటు లేకపోయింది. పైగా విమర్శించేవారే మార్కులు వేసేవారు కావడంతో కొత్తవారు తమ ఇబ్బందులను బయటపెట్టడం మాని దాచుకోవడం అలవాటు చేసుకున్నారు. మూడో ప్రశ్న ప్రాధాన్యం ఇక్కడ అర్థమవుతుంది.

7.7 స్వాతంత్ర్యం తరువాత : సహకార పాఠశాల భావన

1964-66 నాటి కొఠారి కమిషన్ ఉపాధ్యాయ విద్యకు ప్రత్యేక అధ్యాయాన్ని కేటాయించింది. శిక్షణ సంస్థలు విశ్వవిద్యాలయాల నుంచీ, బడుల నుంచీ, ఒకదాని నుంచి మరొకటీ వేరుపడి ఒంటరిగా ఉన్నాయన్నది దాని ముఖ్య పరిశీలన. నిర్ణీత సంఖ్యలో విడివిడి పాఠాలు చెప్పించడం, వాటిలో చాలావాటికి సరైన పర్యవేక్షణ లేకపోవడం దాని దృష్టిలో పడ్డాయి. బోధనాభ్యసనం శిక్షణ కళాశాల ఒక్కదాని పని కాదనీ, బడిదీ కళాశాలదీ ఉమ్మడి బాధ్యత అనీ కమిషన్ చెప్పింది. మంచి బడులను ఎంపిక చేసి 'సహకార పాఠశాలలు'గా గుర్తించాలని, పరికరాలకూ పర్యవేక్షణకూ వాటికి ప్రత్యేక గ్రాంటు ఇవ్వాలని సూచించింది. ఇది 1854 నాటి ఆలోచనకు కొత్త రూపం. ప్రతిఫలం వ్యక్తికి బదులు బడికి చేరుతుంది.

దాదాపు అదే కాలంలో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరులలో ప్రాంతీయ విద్యా కళాశాలలు ఏర్పడ్డాయి. దక్షిణాది రాష్ట్రాలకు మైసూరు కళాశాల కేంద్రమైంది. నాలుగేళ్ల సమీకృత కోర్సులో భాగంగా ఛాత్రోపాధ్యాయులు కొన్ని వారాలు వరుసగా ఒకే బడిలో ఉండి పనిచేసే ఇంటర్న్‌షిప్‌ను ఇవి అమలు చేశాయి. దూరవిద్య విద్యార్థులు తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. వేసవి తరగతులతో కూడిన కరస్పాండెన్స్ బి.ఇడి. కోర్సును 1960ల్లోనే ప్రారంభించినవి కూడా ఈ కళాశాలలే. బడిలో పనిచేస్తూ శిక్షణ పొందే మార్గం అలా ఏర్పడింది.

ఈ కళాశాలల సంఖ్య తక్కువ. మిగతా చోట్ల 'పాఠాల లెక్క'దే రాజ్యం. బి.ఇడి. ఏడాది కోర్సుగా ఉన్న కాలంలో మన కళాశాలల్లో రెండు మెథడాలజీలకు కలిపి 40 పాఠాలు చెప్పడం పరిపాటి. ఆ రోజుల దృశ్యం చాలామందికి తెలిసినదే. ఛాత్రోపాధ్యాయుడు చార్టులు చుట్ట చుట్టుకుని బడికి వస్తాడు. తరగతి ఉపాధ్యాయుడు పీరియడు అతనికి వదిలి స్టాఫు రూముకు వెళతాడు. కళాశాల నుంచి వచ్చిన పర్యవేక్షకుడు వెనుక బెంచీలో పది నిమిషాలు కూర్చుని, 'నల్లబల్ల పని బాగుంది, గొంతు పెంచాలి' అని రికార్డులో రాసి సంతకం చేస్తాడు. ఆ గదిలోని పిల్లలను బాగా ఎరిగిన ఒకే ఒక్క వ్యక్తి, అంటే తరగతి ఉపాధ్యాయుడు, ఈ దృశ్యంలో కనిపించడు. అది అతని దోషం అనలేం. ఆ పీరియడులో అతను ఏమి చేయాలో ఎవరూ చెప్పలేదు, అందుకు సమయమూ కేటాయించలేదు.

7.8 తెలుగు నేలపై రెండు అనుభవాలు

మొదటిది ఆశ కలిగించేది. 1980ల్లో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏ.పి.పి.ఇ.పి.) మొదలైంది. దానిలో భాగంగా ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడ్డాయి. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు ఒకచోట కలిసి, పాఠాలు చెప్పి చూపి, తయారుచేసిన సామగ్రిని పంచుకుని చర్చించేవారు. 1986 జాతీయ విద్యా విధానం తరువాత జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ (డైట్) వచ్చింది. పై అధికారి కాకుండా పక్క ఊరి ఉపాధ్యాయుడే మరో ఉపాధ్యాయుడికి నేర్పగలడన్న నమ్మకం ఉపాధ్యాయ కేంద్రాల పునాది.

రెండోది జాగ్రత్తగా పరిశీలించవలసినది. ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో నెలకు 398 రూపాయల వేతనంతో స్పెషల్ టీచర్లను నియమించారు. తరువాతి కాలంలో డీఎస్సీ ద్వారా ఎంపికైన ఉపాధ్యాయులు కొన్నేళ్లపాటు 'అప్రెంటిస్' హోదాలో, నిర్ణీత గౌరవ వేతనంపై రెండేళ్లు పనిచేసిన తరువాతే రెగ్యులర్ స్కేలులోకి వచ్చేవారు. ఉపాధ్యాయ సంఘాల ఆందోళనల అనంతరం ఆ విధానం రద్దయింది.

అప్రెంటిస్ అంటే శిష్యుడు. శిష్యుడంటే గురువు ఉండాలి. అయితే ఈ విధానంపై సాగిన చర్చ ప్రధానంగా జీతం చుట్టూ తిరిగింది. అది సహజమే, ఎందుకంటే పూర్తి తరగతి బాధ్యత మోస్తున్నవారికి సగం జీతం ఇవ్వడం అన్యాయం. కాని 'ఈ రెండేళ్లలో ఇతనికి ఎవరు, ఏమి నేర్పాలి?' అన్న ప్రశ్న మరుగున పడింది. 1846 నాటి ఇంగ్లండు శిష్యుడికి కాలక్రమంలో పెరిగే స్టైపెండూ ఉంది, నేర్పే గురువూ ఉన్నాడు, ఆ గురువుకు ప్రతిఫలమూ ఉంది. దాన్ని పక్కన పెట్టి చూస్తే, పేరు మిగిలి ఏర్పాటు పోతే ఏమవుతుందో తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
1. 'సహకార పాఠశాల' అంటే ఏమిటి?
2. అప్రెంటిస్ విధానాన్ని 7.1లోని మొదటి రెండు ప్రశ్నలతో పరిశీలించండి.

7.9 ఇరవై వారాల ఇంటర్న్‌షిప్

1993లో చట్టం ద్వారా జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్.సి.టి.ఇ.)కి చట్టబద్ధత లభించింది. సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక సమర్పించింది. ఆ నేపథ్యంలో వచ్చిన 2014 నిబంధనలతో బి.ఇడి. రెండేళ్ల కోర్సు అయింది. అందులో ఇంటర్న్‌షిప్ 20 వారాలు. మొదటి సంవత్సరంలో 4 వారాలు, రెండో సంవత్సరంలో 16 వారాలు. తొలి వారం రోజులు క్రమం తప్పకుండా తరగతి ఉపాధ్యాయుడి బోధనను పరిశీలించాలి. 40 పాఠాల లెక్క నుంచి 20 వారాల నివాసానికి మారడం గొప్ప ముందడుగు. ఎన్.సి.టి.ఇ. చేపట్టిన 'నేషనల్ మిషన్ ఫర్ మెంటరింగ్' మార్గదర్శనానికి ఒక జాతీయ చట్రాన్ని ఇవ్వడానికి ప్రయత్నిస్తోంది.

అయినా మన మూడు ప్రశ్నలు అలాగే ఉన్నాయి. ఉపాధ్యాయ ఖాళీలున్న బడికి 16 వారాలు నలుగురు ఛాత్రోపాధ్యాయులు వస్తే ప్రధానోపాధ్యాయుడికి ఊరటగానే ఉంటుంది. ఖాళీగా ఉన్న తరగతులకు వారిని పంపడం సులభం. అప్పుడు వారు ఎవరిని చూసి నేర్చుకుంటారు? ఇక మార్గదర్శక ఉపాధ్యాయిని తన పీరియడ్లలో ఒక్కటీ తగ్గకుండా, మధ్యాహ్న భోజనం లెక్కలూ, ఆన్‌లైన్ నమోదులూ చూసుకుంటూ కొత్తవారితో ఎప్పుడు కూర్చుంటుంది?

ఇంగ్లండు అనుభవం ఇక్కడ మరోసారి పోలికకు వస్తుంది. 1992లో అక్కడి ప్రభుత్వం సెకండరీ శిక్షణ కోర్సులోని 36 వారాల్లో 24 వారాలు బడుల్లోనే జరగాలని నిర్ణయించింది. అందుకు తగ్గట్టు విశ్వవిద్యాలయాల నిధుల్లో కొంత భాగం బడులకు బదిలీ అయింది. ఈ మార్పుపై విమర్శలు కూడా వచ్చాయి. బడిలో నేర్చుకునేది ఆ బడి అలవాట్లకే పరిమితమవుతుందని, విద్యా సిద్ధాంతాలకు చోటు తగ్గుతుందని విద్యావేత్తలు ఆందోళన చెందారు. ఆ విమర్శలో నిజం ఉంది. అయినా బాధ్యతతోపాటు డబ్బు కూడా బడికి చేరాలన్న సూత్రం గమనించదగినది.

7.10 మార్గదర్శనం అంటే ఏమి జరగాలి?

ఒక ఉదాహరణ ఊహించండి. ఆరో తరగతిలో ఛాత్రోపాధ్యాయిని భిన్నాల కూడిక చెప్పింది. 1/2 + 1/3 ఎంత అని అడిగితే సగం తరగతి 2/5 అని రాసింది. ఆమె కంగారుపడి, 'తప్పు, 5/6' అని బోర్డు మీద రాసి మళ్ళీ సూత్రం చెప్పింది. పిల్లలు రాసుకున్నారు. గంట కొట్టారు.

రికార్డులో 'విషయ పరిజ్ఞానం బాగుంది' అని రాసి పంపవచ్చు. మంచి మార్గదర్శక ఉపాధ్యాయిని అలా చేయదు. నోటు పుస్తకాలు దగ్గర పెట్టుకుని కూర్చుంటుంది.

"ఇదిగో చూడమ్మా, వీళ్ళందరూ 2/5 అనే ఎందుకు రాశారంటావు?"

"సరిగా వినలేదేమో మేడం."

"వినకపోతే తలా ఒక జవాబు వచ్చేది. అందరిదీ ఒకటే వచ్చిందంటే ఏదో లెక్క ప్రకారమే చేశారు. పైవి కూడారు, కిందవి కూడారు. రేపు రొట్టె బొమ్మ గీసి, సగానికి మూడోవంతు కలిపితే సగం కంటే తగ్గుతుందా అని అడిగి చూడు."

ఈ నాలుగు మాటల్లో మార్గదర్శనం సారం ఉంది. పిల్లల తప్పులో దాగిన ఆలోచనను చూడటం పుస్తకంలో చదివితే సగమే వస్తుంది. ఆ నోటు పుస్తకం ముందు, ఆ పూటే, అనుభవజ్ఞుల పక్కన కూర్చున్నప్పుడు మిగతా సగం వస్తుంది. ఇందుకు పెద్ద సామగ్రి అక్కర్లేదు. ఇద్దరికీ కలిసివచ్చే ఒక పీరియడు కావాలి. నిర్భయంగా 'నాకు తెలియలేదు మేడం' అనగలిగే వాతావరణం కావాలి. ఆ మాట అన్నందుకు మార్కు తగ్గకూడదు.

మీలో కొందరు డిగ్రీ తరువాత బి.ఇడి.లో చేరవచ్చు. మరికొందరు ఇప్పటికే ఏదో ఒక బడిలో పనిచేస్తూ ఉండవచ్చు. దూరవిద్యలో చదివేవారికి రోజూ కళాశాల ఆవరణ ఉండదు. అందువల్ల బడిలో దొరికే అనుభవజ్ఞుల సాంగత్యం మీకు మరింత విలువైనది. ఆ సాంగత్యాన్ని అడిగి తీసుకోవడం మీ హక్కు. పదేళ్ల తరువాత మరొకరికి ఇవ్వడం మీ బాధ్యత.

7.11 సారాంశం

వీధిబడిలో పెద్ద పిల్లవాడు పంతులు కనుసన్నల్లో నేర్పుతూ నేర్చుకున్నాడు, అయితే ఆ అవకాశం కొందరికే దక్కింది. మానిటోరియల్ విధానం దాన్ని పొదుపు సాధనంగా మార్చింది. 1846లో ప్యూపిల్ టీచర్ విధానం నేర్పేవారి శ్రమకు వెల కట్టింది, 1854 డిస్పాచ్ దాన్ని మన దేశానికి సిఫార్సు చేసింది. నార్మల్ స్కూళ్లు కొత్త వర్గాలకు, మహిళలకు వృత్తిలో చోటు ఇచ్చాయి, కాని శిక్షణను బడి నుంచి దూరం చేశాయి. కొఠారి కమిషన్ సహకార పాఠశాలలతో ఆ దూరం తగ్గించాలని కోరింది. 2014 నిబంధనలు 20 వారాల కాలాన్ని ఇచ్చాయి. ఈ రెండు వందల ఏళ్లలో కొత్తవారిని తరగతిలోకి పంపడం ఎప్పుడూ సులభంగానే జరిగింది. వారి పక్కన కూర్చునే అనుభవజ్ఞులకు సమయం, గుర్తింపు కల్పించడమే ప్రతిసారీ వెనుకబడింది. ఏ పథకం విలువైనా ఆ రెండో పనితోనే తేలుతుంది.

7.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. ప్యూపిల్ టీచర్ విధానం, వుడ్స్ డిస్పాచ్ ఛాత్రోపాధ్యాయుల మార్గదర్శనానికి చేసిన ఏర్పాట్లను వివరించి, వాటిలో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చర్చించండి.
2. కొఠారి కమిషన్ నుంచి 2014 నిబంధనల వరకు బోధనాభ్యసనంలో వచ్చిన మార్పులను విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 15 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. ఆండ్రూ బెల్ ఎగ్మూరు ప్రయోగం.
2. ఆదర్శ పాఠం, విమర్శన పాఠాల ప్రయోజనాలు, పరిమితులు.

III. అభ్యాస కృత్యం
మీ ఊరి బడిలో 15 ఏళ్లకు పైగా అనుభవం ఉన్న ఒక ఉపాధ్యాయుడినో, ఉపాధ్యాయినినో కలవండి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది తమకు పని నేర్పినవారు ఎవరో, ఏమి నేర్పారో అడిగి ఒక పేజీ రాయండి. 7.1లోని మూడు ప్రశ్నలతో ఆ అనుభవాన్ని పరిశీలించండి.